గునుపూరు నూతిలో పసుపు మెరుపు

ఉద్యోగ విరమణకు ముందు నా చివరి పోస్టింగు కోరాపుట్. హోదా సీనియర్ జియాలజిస్టు, పని ఖనిజాల అన్వేషణ. ఒక వేసవి మొదట్లో రాయగడ జిల్లా గునుపూరు వైపు క్యాంపు వేశాం. ఒక ఉదయం నరసమ్మ అనే రైతు, భర్త అప్పన్నతో కలిసి మా దగ్గరకు వచ్చింది. కొంగున కట్టుకొచ్చిన పలుగురాయి విప్పి చూపించింది. తెల్లని రాతిలో అక్కడక్కడ పసుపు మెరుపులు.

వాళ్లు పొలంలో నుయ్యి తవ్వుతుంటే బండ మధ్య ఈ పలుగురాతి చార తగిలిందట. బంగారమేమోనని తవ్వకం ఆపేశారు. వాటాల దగ్గర పేచీ వచ్చి అప్పన్నకూ తమ్ముడికీ మాటల్లేవు. పక్కన పారే గెడ్డ ఎండిపోయి వంగతోట వాడుతోంది.

"బంగారమేనా బాబూ? ఉన్నదున్నట్టు సెప్పీండి" అన్నాడు అప్పన్న.

అతని ఆశ అర్థం లేనిది కాదు. భూమి లోతుల్లోని వేడినీరు బంగారాన్ని మోసుకొచ్చి, రాతి పగుళ్లలో తరచు పలుగురాయితో పాటే వదులుతుంది. అయితే బంగారాన్ని ఎండలో ఎటు తిప్పినా ఒకే రంగు. ఈ రేణువులు ఒక పక్క మెరిసి, మరో పక్క ఆరిపోతున్నాయి. సూదితో నొక్కాను. బంగారమైతే సొట్ట పడాలి, ఇది పొడిగా రాలింది. మెరుగు లేని పింగాణీ బిళ్ల మీద గీస్తే పసుపు గీతకు బదులు ఆకుపచ్చ కలిసిన నలుపు వచ్చింది. అది పైరైట్, ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం.

బంగారం కాదని చెప్పాను. అప్పన్న లేచాడు. నరసమ్మ లేవలేదు.

"కాదన్నారు, సరే. మరిదేటి బాబూ? మా నూతిలో ఉంటే ఏటవుద్ది?"

అన్నేళ్ల సర్వీసులో నన్నెవరూ అలా అడగలేదు. పైరైట్‌కు గాలీ నీరూ తగిలితే తుప్పూ పులుపూ నీళ్లలోకి దిగుతాయి. మర్నాడు వెళ్లి చూశాను. గోతిలో ఊరిన నీరు తుప్పురంగు తిరిగింది, ముంచిన లిట్మస్ కాగితం ఎర్రబడింది. చార ఎటు పోతోందో గుర్తించి, దానికి దూరంగా, పొలం దిగువన రాయి మెత్తబడిన చోటు కొత్త నూతికి చూపించాను. పంచుకోవడానికి ఇక ఏమీ లేదు గనక అన్నదమ్ములు కలిసే తవ్వారు.

మళ్లీ అటు వెళ్లినప్పుడు నరసమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. "తాగి సూడండి" అంది. తియ్యగా ఉన్నాయి.

ఆ తర్వాత ఎవరు రాయి తెచ్చినా, అది ఏది కాదో చెప్పి ఊరుకోలేదు. ఏమిటో చెప్పి, ఎక్కడ దొరికిందో అడిగి తెలుసుకున్నాకే పంపాను. ఆ పద్ధతి నాకు నేర్పింది నరసమ్మ. ఆమెకు కృతజ్ఞుణ్ణి.