ముడిమ్యాల గోడలో చప్పుడు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, ఎండాకాలం సంగతి. చేవెళ్లలో బీజాపూర్ రోడ్డు మీద మాది పైపులు, నల్లాల దుకాణం. మా ఆయన మొయినాబాద్ ఫామ్‌హౌసులకు సరుకు వేయించడానికి పోతే గల్లా దగ్గర కూర్చునేది నేనే. నేను చదివింది ఐదో తరగతి. అయినా ఇన్నేళ్లు వినీ వినీ, పైపుల రోగాలు కొన్ని చెవికి పట్టుబడ్డాయి.

వినడమంటే ఇళ్లకు పోయి వినడం కాదు. వచ్చేవాళ్లే చప్పుడును నోటితో చేసి చూపిస్తారు. ఎంత పెద్దమనిషైనా సరే, ఇంట్లో పైపు మోగిందంటే మా కౌంటర్ ముందు నిలబడి చిన్నపిల్లాడిలా "గుర్ గుర్" అంటాడు. గుర్ గుర్ అంటే పైపులో గాలి చిక్కుకుంది, దాన్ని ఎయిర్ లాక్ అంటాం. "సుయ్" మని సన్నగా కూస్తే నల్లాలో వాషర్ అరిగింది. ఒకసారి ఒక సారు తన ట్యాంకు చప్పుడు చేసి చూపిస్తుంటే బస్సు కోసం నిలబడ్డవాళ్లు కుక్క జొరబడిందేమోనని లోపలికి తొంగి చూశారు.

ఆ రోజు వచ్చిన బాల్‌రెడ్డి మాత్రం చప్పుడు కోసం రాలేదు. ముడిమ్యాలలో వ్యవసాయం చేస్తాడు, మాకు పాత గిరాకీ.

"సావుకారమ్మా, ముప్పావు ఇంచు ఎండ్ క్యాప్ ఒకటియ్యి" అన్నాడు. పైపు మూతికి గట్టిగా అంటించేసే మూత అది. ఒకసారి పెట్టామంటే పైపు కోస్తే తప్ప రాదు.

"ఏ లైను మూస్తున్నవన్నా, గింత ఎండల?"

"మా తమ్మునిది."

వాళ్లది ఒకప్పుడు ఒకటే ఇల్లు. అన్నదమ్ములు పంచుకున్నాక నడిమధ్యన గోడ లేచింది. బోరు, పైన ట్యాంకు అన్న భాగంలో పడ్డాయి. నీళ్లు మాత్రం ఇద్దరికీ అని పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ మూత పెడితే తమ్ముడు యాదిరెడ్డి ఇంట్లో నల్లాలు ఎండిపోతాయి. ఆ ఇంట్లో పాకే పిల్ల ఉంది.

"ఎందుకన్నా?"

"ఎందుకంటవా? వాని పెండ్లాం అనిత రోజు పొద్దుగాల గోడ కొడ్తున్నది. మా ఇంటామె సుగుణ దీపం పెట్టి కూసుంటదా, గప్పుడే సురువు." పిడికిలితో మా కౌంటర్ మీద కొట్టి చూపించాడు. ధన్, ధన్, ధన్. అద్దం కింద పేర్చిన నల్లాలన్నీ ఎగిరిపడ్డాయి.

"జర నెమ్మది అన్నా. మీ గోడ మీది కోపం నా కౌంటర్ మీద చూపెడ్తవా?"

అన్నానే గానీ నా మనసు ఆ దెబ్బల వరస మీద ఉండిపోయింది. ఆయన చూపించినప్పుడు మొదటిది గట్టిగా పడింది, తర్వాతివి తగ్గుతూ వచ్చాయి. కోపంతో కొట్టే మనిషి తగ్గించుకుంటూ రాదు, పెంచుకుంటూ పోతుంది.

"ఆమె కొట్టంగ చూసినవా?"

"గోడ అవుతల ఎట్ల కనవడ్తది?"

"పోనీ, వాళ్లింట్ల కొత్తగ ఏమన్న పెట్టిన్రా?"

"బట్టలుతికే మిషన్ తెచ్చిన్రు. దానికి నీళ్లు జోరుగ రావాల్నని మా ట్యాంకు కిందనే వాళ్ల లైనుకు చిన్న పంపు గూడ బిగిచ్చుకున్నరు. ఎచ్చులు!"

"క్యాప్ ఏడికి పోదన్నా. రేపు ఖాజా భాయ్‌ని తోల్కొని నేనే వస్త. పైపుది కాదని తేలితే నీ ఇష్టం" అన్నాను.

ఖాజా భాయ్ మా దుకాణానికి ఆస్థాన ప్లంబర్. అన్నదమ్ముల పంచాయితీలోకి నన్నెందుకు లాగుతున్నావని గునుస్తూనే పొద్దున్నే వచ్చాడు. ఆయన బాల్‌రెడ్డి ఇంట్లో పైపు దగ్గర నిలబడ్డాడు. నేను వీధిలోంచి తిరిగి అనిత ఇంట్లోకి పోయాను.

సంగతి చెప్పగానే అనిత అంతెత్తున లేచింది. "నేను కొడ్తున్ననా? అక్కా, చేతుల నుంచి పిల్లనే దిగదు, ఇంక గోడ ఎప్పుడు కొట్టాలె? వాళ్లే కొడ్తున్నరు! నేను మిషన్ పెట్టుడే ఆలిశం, మోత మొదలు. మేము కొనుక్కుంటే వాళ్లకెందుకు కడుపుమంట?"

"సరే, ఇప్పుడు పెట్టు బిడ్డా, విందాం" అన్నాను.

మిషన్‌లో నీళ్లు జోరుగా పడ్డాయి, టక్కున ఆగాయి. ఆ వెంటనే గోడలో ధన్, ధన్, ధన్.

"దొరికిందమ్మా!" అని అవతలి నుంచి ఖాజా భాయ్ కేక వేశాడు. ఆయన స్క్రూడ్రైవర్ మొన పైపుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. డాక్టర్లు గుండె విన్నట్టే.

దీన్ని వాటర్ హ్యామర్ అంటారు. మిషన్‌లో ఉండే వాల్వు ఒక్కసారిగా మూసుకుంటుంది. పరుగు మీదున్న మందకు దొడ్డి తలుపు మూసినట్టు, జోరుగా వస్తున్న నీళ్లు వెనక్కి తన్నుకుంటాయి, పైపు అదురుతుంది. నడిమి గోడ కట్టినప్పుడు పైపును కదలకుండా పట్టి ఉంచే క్లాంపులు తీశారు, మళ్లీ బిగించలేదు. ఇటుకల కంతలో అది వదులుగా ఊగుతోంది. అదిరినప్పుడల్లా ఇటుకను కొడుతోంది.

అనితకు మిషన్ ఆపమని చెప్పి, హమ్మయ్య అనుకుంటూ లేచాను. అప్పుడు గోడ మళ్లీ మోగింది.

ధబ్. ధబ్. ధబ్!

"ఇన్నవా అక్కా? మిషన్ బంద్ ఉన్నది!" అంది అనిత.

నాకూ పాలుపోలేదు. పైపు కొట్టుకుంటే చివర్న సన్నని మోత మిగులుతుంది. ఇది మొద్దు చప్పుడు. పైగా పెరుగుతూ పోయింది. గబగబా వీధి చుట్టి అవతలి ఇంటికి పోయాను. బాల్‌రెడ్డి, ఖాజా భాయ్ అప్పటికే వంటింటి గడపలో నిలబడి ఉన్నారు. లోపల సుగుణ, చేతిలో రోకలి.

"ఏంది గట్ల చూస్తరు? వాళ్లు రోజు కొడ్తుంటే నేను ఊకుండాల్నా?" అంది.

"నువ్వెప్పటి సంది కొడ్తున్నవే?" అన్నాడు బాల్‌రెడ్డి. ఆ వేళకు ఆయన పాలు పోయడానికి పోతాడు. ఎప్పుడో ఒకసారి గడప దాటుతూ గోడ దెబ్బలు విన్నాడు గానీ, వాటికి పెండ్లాం ఇచ్చే జవాబు వినేదాకా ఆగలేదు.

"ఆమె మొదలుపెట్టిన కాడికెల్లి."

"ఆమె మొదలే పెట్టలేదే పిచ్చిదానా! అది పైపు!"

సుగుణ రోకలి దించలేదు, మళ్లీ ఎత్తనూ లేదు. ఖాజా భాయ్ నా వైపు తిరిగి, "అమ్మా, గీ చప్పుడుకు నా తాన క్లాంపు లేదు" అన్నాడు.

పైపుకు రబ్బరు చుట్టి కొత్త క్లాంపులు వేశాడు. కంతను సిమెంటుతో పూడ్చాడు. మిషన్ ముందున్న నల్లాను సగం తిప్పి నీళ్ల జోరు తగ్గించాడు. ఇక మిగిలింది, ఆ వైపు మిషన్ పెడితే ఈ వైపు ఎవరో ఒకరు వినడం. బాల్‌రెడ్డి చెప్పుల వైపు చూస్తున్నాడు. సుగుణ రోకలి పక్కన పెట్టి గోడ దగ్గరకు పోయింది.

"అనితా, పెట్టినవా మిషన్?"

అవతలి నుంచి అనిత గొంతు వచ్చింది.

"పెట్టిన అక్కా. ఏమన్న ఇనవడ్తున్నదా?"

"ఏం ఇనవడ్తలేదు."

బాల్‌రెడ్డి నన్ను సాగనంపుతూ, "క్యాప్ వద్దులే సావుకారమ్మా" అన్నాడు. యారాళ్లిద్దరూ, అదే తోడికోడళ్లు, ఆ రోజుతో అక్కాచెల్లెళ్లైపోయారని నేను చెప్పను. గోడ ఇప్పటికీ ఉంది, పండుగకు ఎవరి వంట వాళ్లదే. నీళ్లు మాత్రం రెండు వైపులా పోతున్నాయి.

అంతకు ముందు నేను చప్పుడు ఎట్లా ఉందో, ఎప్పుడు వస్తుందో మాత్రమే అడిగేదాన్ని. ఆ తర్వాత ఇంకో మాట కూడా అడగడం నేర్చుకున్నాను. ఆ ఇంట్లో ఒక చప్పుడు నీళ్లది, ఒకటి మనిషిది. వింటున్నవాళ్లకు రెండూ ఒకటై వినిపించాయి.

మొన్న మొయినాబాద్ నుంచి ఒక సారు వచ్చాడు. పై ఫ్లాటు వాళ్లు కావాలని టకటక కొడుతున్నారట, నోటితో చేసి చూపించాడు.

"ఆ చప్పుడు వినంగనే మీరేం చేసిన్రు సార్?" అని అడిగాను.

"చీపురు కట్టెతోని స్లాబును పొడిచినం. వాళ్లు ఆపకపోతే మళ్ల పొడిచినం."

"కొన్ని దినాలు ఆ కట్టె పక్కకు పెట్టి వినుండ్రి. అప్పుడు గూడ మోగిందనుకోండ్రి, అది పైపుది. ఆ చప్పుడు తీస్కొని రాండ్రి, మందు నా దగ్గర ఉన్నది" అన్నాను.