గుమ్మడికాయ చుట్టూ చంద్రుడు

మొన్న ఊరంతా కలిసి నన్ను చిల్లంగి ముసల్దాన్ని చేసేశారు, తెలుసా! చేతబడి చేస్తానట! చీమకి కూడా అపకారం తలపెట్టని నేను! గుండె దడ ఇంకా తగ్గలేదు. కాస్త టీ పొయ్యండి, చెబుతాను.

మా అల్లుడు సైన్సు మేష్టారు. అల్లుడంటే నా తమ్ముడి కొడుకే, నేను ఎత్తుకుని పెంచినవాడే, అందుకే ఇప్పటికీ ‘ఒరే’ అంటాను. ఇన్‌స్పెక్టరు గారొచ్చి వీడి పాఠం చూస్తారట. నచ్చితే ఉద్యోగం పర్మినెంటు. నచ్చకపోతే పెట్టే బేడా సర్దుకోవడమే. పాఠం ఏమిటయ్యా అంటే, చంద్రుడు మన చుట్టూ తిరుగుతాడు గానీ కింద పడడేం? మనుషులు చంద్రుడి మీదకి వెళ్తారని రేడియో ఒకటే హోరెత్తిస్తోందిగా, పిల్లలు అదే అడుగుతున్నారట. నోటితో చెబితే చాలదు, ఏదో ఒకటి తిప్పి చూపించాలి. ఏది తిప్పాలి?

మొదట చెంబుకి చేంతాడు కట్టి గిరగిరా తిప్పాడు. ముడి ఊడింది. చెంబు ఎగిరింది చూడండీ... చీపురుపల్లి స్టేషన్లో దిగుంటుంది, ఇప్పటికీ దొరకలేదు!

"గానుగెద్దుని సూపించరా," అన్నాను.

"ఎద్దుని ఎనకనుంచి తోల్తారత్తా. సెంద్రుణ్ణెవరు తోల్తారు?"

మరే!

అప్పుడు వెలిగింది నా బుర్ర. మంచం తిరగేసి, పైకి లేచిన నాలుగు కోళ్లకీ తెల్ల పంచె వదులుగా కట్టాను. వడియాలకని తెచ్చిన గుమ్మడికాయ, ఏనుగు పిల్లంత ఉంటుంది, దాన్ని మధ్యలో పెట్టాను. పంచె గుంటలా దిగింది. అంచు మీద నిమ్మకాయని పక్కవాటుగా తోశానా, రయ్యిన గుమ్మడికాయ చుట్టూ తిరిగేసింది!

"అదే భూమి, ఇదే సెంద్రుడు! అత్తా, నువ్వు సదువుకుంటే నా ఉజ్జోగం నీకే ఇచ్చీసేవోరు!" అని గంతులేశాడు అల్లుడు.

అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? గుమ్మడికాయకి పగటి సగం పసుపు పూశాను. రాత్రి సగానికి మసి. మన దేశం ఎక్కడుందో తెలియొద్దూ, అక్కడో కుంకుమ బొట్టు!

సరిగ్గా అప్పుడే పక్కింటి అప్పలనరసమ్మ పొయ్యిలోకి నిప్పు అడగడానికి వచ్చింది. చూసింది. తిరగేసిన మంచం. తెల్లగుడ్డ. పసుపు, మసి, కుంకుమ. జుట్టు విరబోసుకుని నిమ్మకాయ తిప్పుతున్న నేను! తలంటుకున్నానమ్మా, ఆరబెట్టుకోవద్దూ? పైగా దాని గేదె ఆ వారమే పాలివ్వడం మానేసింది.

"ఓలమ్మో! మా గేదెకి సిల్లంగి ఎట్టీసినాదిరో!"

ఆ కేక నౌపడ ఉప్పుమడుల్లో కూడా వినపడే ఉంటుంది. ఊరు ఊరంతా మా వాకిట్లో! ఒకడి చేతిలో చింతబరిక. చిల్లంగి పెట్టారని తేలితే మా వైపు పళ్లు పీకేస్తారండీ. నాకున్నవే నాలుగు!

అంతలో ఇన్‌స్పెక్టరు గారు! మన పాసింజరు ఏనాడైనా టైముకి వచ్చిందా? ఆవేళ వచ్చింది! ఊళ్లో హోటలు లేదు కనక ఆయన భోజనం మా ఇంట్లోనే. గుమ్మం దగ్గరే కొయ్యబారిపోయారు.

"ఇది... ఎవరి మీదండీ?" అన్నారు.

"చంద్రుడి మీదండి!" అన్నాడు మా మేధావి.

"ఓరి దేవుడా! సెంద్రుణ్ణి కూడా ఒగ్గలేదు!" అని అప్పలనరసమ్మ గుండెలు బాదుకుంది.

అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ. నా చేతిలో నిమ్మకాయ లాక్కుని పంచె మీద తోసి, అక్కడే పాఠం మొదలెట్టేశాడు.

"సూడండర్రా! భూమి లాగతన్నాది. సెంద్రుడు పారిపోతన్నాడు. ఆ లాగుడికీ ఈ పరుగుకీ సరిపోయి, సుట్టూ తిరగతన్నాడు."

జనం మంచం చుట్టూ మూగారు. నిమ్మకాయ తిరిగి తిరిగి, నీరసించి, గుమ్మడికాయకి ఆనుకుని ఆగిపోయింది.

"పడిపోనాడర్రా!" అన్నాడు చింతబరిక వాడు.

"అవును మేష్టారూ, ఎందుకు పడినట్టు?" ఇన్‌స్పెక్టరు గారు గుమ్మం దాటకుండానే అడిగారు.

"గుడ్డకి రాసుకుని జోరు తగ్గిందండి. ఆకాశంలో గుడ్డ లేదండి!"

"భేష్!" అన్నారాయన. అప్పుడు గానీ లోపలికి అడుగు పెట్టలేదు. జనమంతా తలో తిప్పూ తిప్పి చూసుకుని మరీ వెళ్లారు. నా పళ్లు నాకు దక్కాయి.

భోజనాలయ్యాయి. అల్లుడు బండి కట్టించడానికి వెళ్లాడు. ఇన్‌స్పెక్టరు గారు అటూ ఇటూ చూసి నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు.

"మామ్మగారూ, మా ఇంటావిడకి తలనొప్పి ఎన్ని మందులకీ లొంగటం లేదు. ఆ నిమ్మకాయ... ఇప్పిస్తారా?"

అంత చదువుకున్న మనిషి! పోనీ కాదందామా అంటే, అల్లుడి కాయితం మీద ఇంకా సంతకం పడలేదాయె. నిమ్మకాయ చేతిలోకి తీసుకున్నాను. మంత్రమేదీ? నాకేం వచ్చని! వాడు వారం రోజులుగా వల్లెవేసిన పాఠంలో గుర్తున్న పెద్ద మాట ఒక్కటే. కళ్లు మూసుకుని, "గురుత్వాకర్షణ, గురుత్వాకర్షణ" అని గొణిగి ఆయన చేతిలో పెట్టేశాను.

ఆవిడ తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందని నిన్ననే కబురొచ్చింది. నాకేం రాదని ఊరంతటినీ ఒప్పించానా, ఇప్పుడు నన్ను నేను ఒప్పించుకోలేక చస్తున్నాను!