అరగంటమ్మ కొలత

ఆవిడకి ఆ పేరు ఆఫీసువాళ్లే పెట్టారు. కొలత అయిందా అని ఎవరడిగినా "ఇంకో అరగంట" అనేది. అంతే, అరగంటమ్మ అయిపోయింది. మట్టి పరీక్షల ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని ఒక్కటే. ఇనుప రింగును నేలలోకి దిగ్గొట్టి, నీళ్లు పోసి, గంటకి ఎన్ని మిల్లీమీటర్లు ఇంకుతున్నాయో స్కేలుతో చూసి రాయడం. "నేలకి నీళ్లు పోసే ఉద్యోగమమ్మా మా కోడలిది" అని అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్వేది. కోడలూ నవ్వేసేది గానీ, లోపల ఎక్కడో కలుక్కుమనేది.

ఆ ఏడు ఊరి బడి ఆవరణలో ఇంకుడు గుంత తవ్వాల్సి వచ్చింది. గట్టి వాన పడితే చాలు, చిన్నపిల్లల తరగతుల్లోకి మోకాలి లోతు నీళ్లు చేరేవి. కొత్త ఇంజినీరు మంచివాడే, కాకపోతే కాళ్లకి చక్రాలున్న మనిషి. మొదటి అరగంటలో నలభై మిల్లీమీటర్లు ఇంకడం చూసి గంటకి ఎనభై అని లెక్క కట్టేశాడు. ఆ లెక్కకి చిన్న గుంత చాలు. రింగు పీకేయమని చెప్పి వ్యాను వైపు నడిచాడు.

అరగంటమ్మ పీకలేదు.

"ఎండిన నేల సార్. దాహం మీదుంది, మొదట గటగటా తాగేస్తుంది. కడుపు నిండాక ఎంత తాగుతుందో చూడాలి. ఆ గుంత చాలకపోతే మునిగేది పిల్లలు."

అతను విసుక్కుని వెళ్లిపోయాడు. ఆవిడ గొడుగు వేసుకుని అక్కడే చతికిలబడింది. తగ్గిన నీళ్లు మళ్లీ పోస్తూ, అరగంటకోసారి స్కేలు చూసింది. నలభై కాస్తా ఇరవై అయింది, పన్నెండయింది, ఆరుకి దిగింది. ఆపైన రెండుసార్లు చూసినా ఆరే. అంటే గంటకి పన్నెండు.

మర్నాడు ఆ కాగితం చూసి ఇంజినీరు నమ్మలేదు. తానే వెళ్లి మరోచోట రింగు దింపి, మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చున్నాడు. తిరిగొచ్చి, పాత లెక్క కొట్టేసి పెద్ద గుంతకి రాశాడు. 'కొలిచినవారు' అన్నచోట ఆవిడ అసలు పేరు పెట్టాడు. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి.

మొదటి పెద్ద వాన కుండపోతగా కురిసింది. అక్కడే చదివే మనవరాలి కోసం అత్తగారు, గుంత కోసం కోడలు, ఇద్దరూ బడికి వచ్చారు. గుంతలో నీళ్లు పైకి, ఇంకా పైకి వచ్చి, అంచుకి జానెడు కింద ఆగాయి. తరగతి గడప దాటి చుక్క నీరు లోపలికి పోలేదు. అరగంటమ్మ గుండె పొంగిపోయింది.

ఇంత గుంత ఎవరు తవ్వించారని పక్కనున్నావిడ అడిగింది. అత్తగారు గొడుగు కాస్త పైకెత్తింది.

"మా కోడలు. నేలకి నీళ్లు పోసే ఉద్యోగమమ్మా తనది."

ఈసారి నవ్వలేదు.