గోడ అవతలి పిన్ని

పోయిన ఆదివారం నేను చర్చిలో ఆరాధన ముగించుకుని వచ్చేసరికి పక్కింటి పిన్ని పోయిందన్నారు. నిద్రలోనే పోయిందట. గురజాలలో మా వీధంతా ఆమెను మెచ్చుకుంటోంది. నాకు మాత్రం ఆమె మీద అసూయ ఇంకా చల్లారలేదు.

రెండేళ్ల కిందట మా తమ్ముడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. వాడి కూతురికి తల్లి కూడా లేదు, నేనే తెచ్చుకున్నాను. పదో తరగతి పిల్ల. ఎవరడిగినా గుండెపోటని చెప్పమని ఇంట్లో అందరం దానికి నేర్పాం. అది మాటలే మానేసింది. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే ఆమెన్ అని లేచిపోయేది.

ఎండాకాలం వస్తే పిన్ని వాకిట్లో వీధి ఆడవాళ్లంతా చేరి మిరపకాయల తొడిమలు తీసేవాళ్లు. ఒకరోజు పిన్ని గోడ మీదుగా పిల్లను కేకేసింది.

"ఏమే, గోళ్లు కొరుక్కుంటా కూర్చోకపోతే వచ్చి నాలుగు కాయలు తుంచరాదూ!"

పిల్ల వెళ్లింది. ఆ ఘాటుకు అక్కడ అందరి కళ్లలోనూ నీళ్లే. ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు. నా ఇంట్లో రాని ఏడుపు దానికి అక్కడ వచ్చింది. మిగతావాళ్లు అన్నాలకు వెళ్లాక దాని మాట వినపడింది. గోడ ఇవతల నేను బట్టలు ఆరేస్తున్నాను.

"మామ్మా, ఆ రోజు నాన్న ఫోన్ చేస్తే నేను ఎత్తలా."

"నీ వల్ల కాదే. మీ నాన్న మనసుకు చానా జబ్బు చేసింది." ఆ తర్వాత పిన్నే అడిగింది. "నీకూ చచ్చిపోవాలనిపిస్తోందా?"

పసిదాన్ని అడిగే మాటా అది?

"అప్పుడప్పుడు," అంది పిల్ల.

"చెప్పావు, మంచిపని చేశావు. ఇది మనిద్దరం దాచుకునేది కాదు. మీ అత్తకు చెప్పి డాక్టరు దగ్గరికి పోదాం."

"అత్త ప్రార్థన చేస్తది."

"చెయ్యనీవే. ప్రార్థనా చేస్తది, ఆటో కూడా పిలుస్తది."

పిలిచాను. ముగ్గురం నరసరావుపేటలో డాక్టరు దగ్గరికి వెళ్లాం. అట్లా చాలాసార్లు తిరిగాక పిల్ల తేరుకుంది, ఇంటర్‌లో చేరింది. అన్నం నా ఇంట్లో, కబుర్లు పిన్ని దగ్గర. దేవునికి కృతజ్ఞతలు చెప్పేటప్పుడు పిన్ని పేరు అందరికన్నా చివర తలిచేదాన్ని.

"నా పిల్లను లాగేసుకున్నావు పిన్నీ," అన్నాను ఒకసారి.

"లాక్కోవడమేందమ్మాయ్? దాన్ని ఆ మాట అడగాలంటే నీకు భయం. అందుకే నా దగ్గరికొస్తది."

పిన్ని పోయిన మర్నాడు ఆమెను సాగనంపి వచ్చాం. సాయంత్రం పిల్ల మెట్ల మీద ఒంటరిగా కూర్చుంది. ప్రార్థన నోటిదాకా వచ్చింది. ఆపుకుని పక్కన కూర్చున్నాను.

"మళ్లీ చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?"

అది నా దగ్గరికి జరిగింది.

"లేదత్తా. మామ్మ లేదని ఏడుపొస్తంది, అంతే. అనిపిస్తే నీకే చెబుతా."

తల నా ఒళ్లో పెట్టుకుని పడుకుంది. పెరిగిన పిల్ల, బరువుగా ఉంది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నా నేను కదలలేదు.