చౌడమ్మ కోసం ఆగిన మగ్గాలు

దయ్యాలు, భూతాలు నేను నమ్మను. మైకు సెట్టు పని చేసినవాడికి అట్లాంటి నమ్మకం నిలవదు. మా మందిరంలో మొదట ఉండింది వాల్వుల ఆంప్లిఫైయరు. ఎర్త్ సరిగా లేకుంటే రేడియో స్టేషను దానంతట అదే హారన్లో పలికేది. ఒక సాయంత్రం పూజలో, మైకు ముందర ఎవరూ లేకుండానే, ఎవరో ఆడమనిషి వార్తలు చదివింది. ముసలమ్మలు చేతులెత్తి దండం పెట్టినారు. నేను పోయి ఎర్త్ కడ్డీ మొదట్లో చెంబెడు నీళ్ళు పోసినాను. వార్తలు నిలిచిపోయినాయి.

హారన్ కూస్తే మైకు దాని ముందర ఉండాదని అర్థం. గరగరమంటే వైరు ఎక్కడో తెగిందని అర్థం. ప్రతి శబ్దానికీ కారణం ఉంటాది. అది దొరికేదాకా వెతకడమే నా పని. అన్నిటికీ దొరికింది. ఒక్కదానికి దొరకలేదు.

మాది బెంగళూరు, కబ్బన్‌పేట వెనక నేతవాళ్ళ సందు. ప్రతి ఇంట్లో కింద కరెంటు మగ్గాలు, పైన సంసారం. పొద్దున మొదలైతే రాత్రి దాకా టకటకా టకటకా. మాట్లాడుకోవాలంటే చెవి దగ్గరకు పోయి అరవాల. నేల అదురుతా ఉంటాది. గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగుతా ఉంటాయి. పుట్టినప్పటి నుంచి అదే కాబట్టి మాకు అది శబ్దమనే అనిపించదు.

సందు మధ్యలో రాముడి భజన మందిరం. దాని మైకు సెట్టు నాది. సొంతం కాదు, మగ్గం పని వదిలి దాన్ని చూసుకునేది నేను. అందరూ మైకు హనుమంతు అనేవాళ్ళు. అప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. ఇప్పుడు రాస్తా ఉండే ఈ అక్షరాలు ముసలితనంలో కోడలి దగ్గర కూర్చుని నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

మా సందులో ఒక కట్టు ఉండేది. ఎవరన్నా పోతే మందిరం మైకులో చెప్తాము. చెప్పినాక శవం ఇల్లు దాటేదాకా సందులో ఒక్క మగ్గం ఆడకూడదు. ఎందుకంటే, మగ్గాలు ఆడితే నేల అదురుతాది. నేల అదిరితే పడుకోబెట్టిన శవం అదురుతాది. బతికినన్నాళ్ళు అదిరిన మనిషి, పోయేటప్పుడన్నా కదలకుండా పోవాలని మా పెద్దోళ్ళు పెట్టినారు.

ఆ మాట చెప్పేది నేనే. చదవను రాదు గనక ఎవరు పోయినా అవే మాటలు. వేలితో మైకును తడతాను. ఒక దగ్గు దగ్గుతాను. "మన సందు ఫలానా వాళ్ళు కాలం చేసినారు. మగ్గాలు నిలపండప్పా." అంతే. మగ్గాల రొదలో లోపల ఉన్నవాళ్ళకు అది వినబడదు. వాకిట్లో ఉండే ఆడోళ్ళు విని లోపలికి పోయి చెప్తే ఒక ఇంట్లో ఆగుతాయి. పక్కింట్లో ఆగుతాయి. అట్లా ఒక్కొక్కటిగా సందంతా సద్దుమణిగేది. మైకులో చెప్పకుండా ఆపితే యజమాని కూలి పట్టుకుంటాడు. అదీ కట్టులో భాగమే.

ఇంక చౌడమ్మ సంగతి.

ఆమె ఇల్లు మందిరానికి ఎదురుగా. మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. మొగుడికి ఊపిరితిత్తుల జబ్బు, కిటికీ పక్కన మంచం మీద ఉండేవాడు. మా హారన్ సరిగ్గా ఆ కిటికీకి ముఖం పెట్టి ఉండింది. ధనుర్మాసంలో తెల్లారక ముందే భజన మొదలైతే ఆయన లేచి కూర్చుని దగ్గేవాడు. చౌడమ్మ వచ్చి నన్ను అడిగింది. "దేవుడి పాట వద్దనలేదు హనుమంతప్పా. ఆ మూతి కొంచెం పక్కకు తిప్పు." న్యాయమే కదా. హారన్ శబ్దం మూతి చూసినవైపే పోతాది. మూరెడు పక్కకు తిప్పితే ఆయన నిద్రపోతాడు, సందు చివరి వాళ్ళకు ఇంకా బాగా వినబడతాది కూడా. నిచ్చెన వేసి తిప్పేసినాను.

సాయంత్రానికి ప్రెసిడెంటు నారాయణప్ప దాన్ని మళ్ళీ మొదటి మాదిరే తిప్పించేసినాడు. సందులో అందరికంటే ఎక్కువ మగ్గాలు ఆయనవే, మందిరం కమిటీ ఆయన చేతిలోది. హారన్ పక్కకు తిప్పితే తన ఇంటికి వినబడదంట. చౌడమ్మ పోయి అడిగితే, "రామనామం చెవిలో పడితే రోగం పోతాదమ్మా, సుమ్నే, ఊరికే గలాటా చెయ్యొద్దు" అన్నాడు. నారాయణప్ప చెవిలో అన్నేళ్ళు పడింది, ఆయన రోగం ఏం పోయింది?

చౌడమ్మ ఊరుకునే మనిషి కాదు. పోలీస్ స్టేషనుకు పోయింది. ఒక కానిస్టేబుల్ వచ్చి సౌండు తగ్గించమని అందరి ముందర చెప్పి పోయినాడు. తగ్గించినాము. తర్వాత కొన్నాళ్ళకు ఆ మొగుడు పోయినాడు. అప్పుడు మైకులో చెప్పనిచ్చినారు. మొగోడు, కమిటీకి చందా కట్టినోడు. కోపమంతా నారాయణప్ప ఆమె పేరు మీద దాచుకున్నాడు.

ఎనభైల మొదట్లో చౌడమ్మ పోయింది. పగటి పూట. ఆమెకు ఒక్కతే కూతురు, సరోజ. ఏడ్చుకుంటా నా దగ్గరకు వచ్చింది. "అన్నా, అమ్మకు చెప్పన్నా." నేను మందిరానికి పోయి స్విచ్చి వేసినాను. మైకు తట్టే లోపల నారాయణప్ప వచ్చి నిలబడినాడు.

"ఎవరికప్పా?"

"చౌడమ్మకు."

"ఆమెకు మైకంటే గిట్టదు కదా. పోలీసుల దగ్గరికి పోయి వద్దన్న మనిషి. చచ్చినాక మాత్రం ఎందుకు?"

"ఆమె మైకు వద్దనలేదన్నా. మూతి తిప్పమనింది."

"నువ్వు తిప్పినావు కదా, నీకు తెలుస్తాదిలే."

నేను చెప్పినాను, కట్టు నీదీ కాదు నాదీ కాదు, సందుది అని. ఆయన మైకును వైరు నుంచి పీకి తువ్వాలులో చుట్టుకున్నాడు. నన్ను బయటకు పంపి తలుపుకు తాళం వేసి తాళంచెవి నడుముకు దోపుకున్నాడు. "మగ్గం ఆపితే ఎవడి కూలి పోతాదో వాడే చూసుకోవాల" అని అందరికీ వినబడేటట్టు చెప్పి ఇంటికి పోయినాడు. మైకును ఇంట్లో బీరువాలో పెట్టి దానికీ తాళం వేసినాడు. అది ఆయన తర్వాత పంచాయతీలో తన నోటితోనే చెప్పినాడు.

నేను చౌడమ్మ ఇంటికి పోయినాను. కింద గదిలో చాప మీద పడుకోబెట్టినారు. ఇద్దరు ముసలమ్మలు గోడకు ఆనుకుని ఉండారు. గోడకు అవతల మగ్గాలు ఆడతా ఉండాయి. తల దగ్గర దీపంలో నూనె వణుకుతా ఉండాది. సరోజ వాళ్ళమ్మ తలను రెండు చేతుల్లో పట్టుకుని కూర్చోనుండాది. ఏమ్మా అంటే, "వదిలితే కదులుతా ఉండాదన్నా" అనింది.

నేను చూసినాను. ఒక్క క్షణం చెయ్యి తీసింది. తల అటూ ఇటూ, చిన్నగా, వద్దు వద్దు అన్నట్టు కదిలింది. మళ్ళీ పట్టుకుంది.

"చెప్పినావా అన్నా?"

  పోయి ఆ మందిరం తాళం పగలగొడదామా, లేదంటే ఆయన తలే పగలగొడదామా అని ఆలోచిస్తా గుమ్మం దగ్గర నిలబడి ఉండాను.

అప్పుడు మగ్గాలు ఆగినాయి.

ఒక్కొక్కటిగా ఆగలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా అన్నీ ఒకేసారి ఆగినాయి. అట్లాంటి నిశ్శబ్దం ఆ సందులో నేను ఎప్పుడూ వినలేదు. ఎవరి ఇంట్లోనో చంటిబిడ్డ భయపడి ఏడవడం మొదలుపెట్టింది. దీపంలో నూనె నిలబడింది. సరోజ మెల్లగా చేతులు తీసి ఒళ్ళో పెట్టుకునింది. తల కదల్లేదు.

కరెంటు పోయిందని మీరంటారు. నేనూ అదే అనుకున్నాను. కానీ సందు మొదట్లో హోటల్లో రేడియో పాడతానే ఉండాది. చౌడమ్మ గదిలో బల్బు వెలుగుతానే ఉండాది.

కొంచెం సేపటికి మనుషులు రావడం మొదలుపెట్టినారు. చేతులు కడుక్కుని, తలకు కట్టిన గుడ్డ తీసేసి, ఒకరి వెనక ఒకరు. నారాయణప్ప మగ్గాల మీద పని చేసే మునిరాజు అందరికంటే ముందర ఉండాడు.

"ఏమన్నా, దగ్గు ఇంకా తగ్గలేదా?" అని నన్ను మెల్లగా అడిగినాడు.

"ఏం దగ్గు?"

"ఇప్పుడే మైకులో దగ్గితివి కదా. తట్టితివి, దగ్గితివి, చెప్పితివి. చౌడమ్మ కాలం చేసింది, మగ్గాలు నిలపండప్పా అని."

"నువ్వు ఎక్కడుంటివి?"

"మగ్గం ముందర."

మగ్గం ముందర నిలబడినవాడికి చెవిలో అరిచినా వినబడదు. నేను ఇంకొకరిని అడిగినాను. ఇంకొకరిని అడిగినాను. అందరూ లోపల ఉన్నవాళ్ళే. అందరూ విన్నారు. అందరూ నా గొంతే అన్నారు. వాకిట్లో కూర్చున్న ఆడోళ్ళు మాత్రం ఏమీ వినలేదు. మా గదిలో ముసలమ్మలు వినలేదు. సరోజ వినలేదు. హారన్ మా నెత్తి మీద ఉండాది, నేనూ వినలేదు.

శవం ఇల్లు దాటేదాకా సందులో మగ్గం ఆడలేదు. నారాయణప్పవి కూడా.

ఆ సాయంత్రం ఆయన నన్ను పంచాయతీకి పిలిపించినాడు. నా దగ్గర దొంగ మైకు ఉండాదంట, వైరు లాక్కున్నానంట. నేను సరే చూద్దాం పద అన్నాను. అందరి ముందర మందిరం తలుపు తీసినారు. మైకు వైరు కొన చాప మీద, ఆయన పీకి పారేసిన చోటే ఉండాది. ఆంప్లిఫైయరు స్విచ్చి నేను వేసినట్టే ఉండాది, ఎర్ర లైటు వెలుగుతా ఉండాది. తాళం పడినప్పుడు ఆర్పను మరిచిపోయినాము. వాళ్ళకు ఆ లైటు చాలింది. "చూడండి, పని చేస్తా ఉండాది" అన్నాడు. మైకు లేకుండా ఆంప్లిఫైయరు ఏం మాట్లాడతాదప్పా, నోరు లేని కడుపు కదా అది, అని నేను చెప్తే ఎవరు వింటారు? నేను చౌడమ్మ ఇంట్లో ఉన్నానని సరోజ చెప్పింది. ముసలమ్మలు చెప్పినారు. శవం ఉన్న ఇంటి సాక్ష్యం పనికిరాదన్నాడు.

నన్ను మైకు పని నుంచి తీసేసినారు. వేరే ఎవరినో పెట్టుకున్నారు. నేను మళ్ళీ మగ్గం దగ్గరకు పోయినాను. దానికి నాకు బాధ లేదు. చేసి ఉంటే నా నెత్తి మీద వేసుకుని పోయేవాణ్ణి. చెయ్యని పనికి ఒక పక్క నన్ను తీసేసినారు, ఇంకో పక్క సందులో కూలోళ్ళు నాకు దండాలు పెట్టినారు. రెండూ నాకు రావాల్సినవి కావు.

కారణం నేను వెతకలేదనుకోవద్దు. రేడియో అనుకున్నాను. రేడియోకు చౌడమ్మ పేరు ఎట్లా తెలుస్తాది? టేపు అనుకున్నాను. ఆమె పేరు నేను మైకులో ఒక్కసారి కూడా పలకలేదు, ఎవరు పట్టి ఉంటారు? నా మాదిరి మాట్లాడేవాడు ఎవడో చేసినాడనుకున్నాను. వాడు ఎక్కడి నుంచి అరిచినా, ఆడే మగ్గాల ముందర ఉన్నవాడికి వినబడి, వాకిట్లో కూర్చున్న ఆడమనిషికి వినబడకుండా ఎట్లా అరుస్తాడు? అందరూ కూడబలుక్కుని ఆపినారేమో అని మునిరాజును తర్వాత ఎన్నోసార్లు గుచ్చి గుచ్చి అడిగినాను. కూలి పోతాదని తెలిసి నేనెందుకు ఆపుతానన్నా, నువ్వు చెప్పినావు కాబట్టి ఆపినాను అంటాడు.

తర్వాత నారాయణప్ప మగ్గాలన్నీ దొడ్డబళ్ళాపురానికి తీసుకుపోయినాడు. సందులో ఒక్కొక్క ఇల్లు గోడౌను అయింది. ఇప్పుడు అక్కడ ఎవరు పోయినా ఆపడానికి మగ్గం లేదు.

దేవుడే పలికించినాడని సరోజ అంటాది. అయితే ఆ దేవుడినే అడుగుతాను. సందు మగ్గాలన్నీ ఒక్క దెబ్బకు ఆపినవాడివి, ఆ మొగుడు రాత్రంతా దగ్గుతా ఉంటే ఒక్క హారన్ను మూరెడు పక్కకు తిప్పలేకపోయినావా? బతికుండగా చౌడమ్మ నీ ఎదుటి వాకిట్లోనే కదా అడిగింది. నారాయణప్ప చేతులు నీ గుడిలోనే కదా మైకు పీకింది. అప్పుడు నోరు తెరవకుండా, తర్వాత నా గొంతు ఎత్తుకుపోయి మాట్లాడినావా? నీది కాకపోతే ఎవరిది? ఆమెదే అయితే తన గొంతుతోనే చెప్పుకునేది కదా, ఆమె గొంతు నా గొంతు కంటే గట్టిది.

ఎవరో నాకు తెలీదు. ఇన్నేళ్ళయినా తెలీదు. నేను కాదు అన్న ఒక్క మాట మాత్రం తెలుసు, అది నా చేత్తో రాయాలనే ఈ వయసులో పలక పట్టుకున్నాను.

రాసినాక మొన్న సరోజ ఇంటికి పోయి నడుమ నడుమ దగ్గుకుంటా మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించినాను. ఆమెకూ తల నెరిసింది. అడ్డు చెప్పకుండా వినింది. లోపలికి పోయి కాఫీ తెచ్చి నా చేతికిచ్చింది.

"సరేలే అన్నా, నువ్వు కాదులే" అనింది. "ముందు ఆ దగ్గుకు మందు తీసుకో."