డబ్బా ఎదురుగా ఉంటేనే షేకు

దర్జీకి ఉన్న పిచ్చి ఒక్కటే. అన్నం డబ్బా మూత తీసి ఎదురుగా పెట్టుకుంటే తప్ప ఆయన షేకు తాగడు. తినడు సుమండీ, చూస్తాడు. చూస్తూ తాగుతాడు. అలాగని ఆయన చెప్పుకున్నాడు, అంతే. నమ్మినవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు, కట్టుకున్న ఇల్లాలితో సహా.

ఆయన కుట్టుదుకాణం ఇప్పుడు లేదు. అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. అయినా ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఇల్లాలి కాళ్ళు ఓ నిమిషం ఆగిపోతాయి. మిషను టకటక, ఇస్త్రీపెట్టె కింద తడిగుడ్డ వాసన, మూల ముక్కాలిపీట మీద కాజాలు కుట్టుకుంటూ కూర్చున్న ముసలావిడ. ఊరందరికీ ఆవిడ కాజాలక్క. ఒకరి చేతి మంచినీళ్ళు కూడా ఊరికే పుచ్చుకునే రకం కాదు. ఓసారి ఇల్లాలు గిన్నెడు కూర పంపిస్తే, ఆ గిన్నెలో అరడజను బొత్తాలు వేసి తిప్పి పంపిన ఘనురాలు. ఎంత చక్కటి రోజులవి! అంత చక్కటి రోజుల్ని ఇల్లాలు మొగుణ్ణి తిట్టిపోస్తూ గడిపింది. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడకే నవ్వొస్తుంది.

సంగతేమిటంటే, ఆయనకి షుగరు. మనిషి నూట రెండు కిలోలు. తండ్రికీ ఇదే జబ్బు, పట్టించుకోక ఓ పాదం పోగొట్టుకున్నాడు. మిషను తొక్కి బతికేవాడికి పాదమంటే మాటలా? డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పేసింది.

"మూడు నెలలు చూస్తాను. బరువు తగ్గాలి, షుగరు దిగాలి. లేదంటే ఇంజెక్షన్లే. మధ్యాహ్నం అన్నానికి బదులు ఈ పొడి కలుపుకున్న షేకు. బదులు అన్నాను, తోడు అనలేదు!"

మొదటిరోజు ఇల్లాలు షేకు సీసా ఒక్కటే ఇచ్చి పంపింది. సాయంత్రానికి సీసా నిండుగా తిరిగొచ్చింది.

"ఏమండీ, తాగలేదేం?"

"గొంతు దిగలేదే. అన్నం కళ్ళకి కనబడకపోతే నోరు తెరుచుకోనంటోంది."

"కనబడితే?"

"ఆ వాసన మీద ఇది దిగిపోతుంది. ఒక్క మెతుకు ముట్టుకుంటే ఒట్టు!"

మూడు రోజులు సీసా అలాగే తిరిగొచ్చింది. నాలుగోనాటికి ఇల్లాలే ఓడిపోయింది. మూడు గిన్నెల డబ్బా నిండా అన్నం, కూర సర్ది, దేవుడి మీద భారం వేసి పంపింది. సాయంత్రం సీసా ఖాళీ. సంతోషం. డబ్బా కూడా ఖాళీ!

"ఇదేమిటండీ?"

"పిల్లి తినేసిందే."

మూడు గిన్నెలూ ఊడ్చి తిని, మూతలు పెట్టి, క్లిప్పు బిగించి వెళ్ళిందట ఆ పిల్లి! మర్నాడు చెయ్యి జారి కిందపడిందన్నాడు. ఆ మర్నాడు ఆకలితో వచ్చిన కస్టమరన్నాడు. రోజుకో కథ. కథలు కుట్టడంలో ఆయనకి కొలతలు అక్కర్లేదు.

పైగా కోరికలొకటి.

"కూరముక్కలు కాస్త మెత్తగా ఉడికించవే."

"చూసేదానికి మెత్తగా ఉంటే ఏం, రాయిలా ఉంటే ఏం?"

"మెత్తటి ముక్క కంటికి హాయి."

"అలాగా!"

"కారం కూడా తగ్గించు."

"కారం కళ్ళకి కనబడుతుందేమిటి?"

"కళ్ళు మండుతాయే!"

వీధిలో ఎదురైన ప్రతివాడూ "ఏం దర్జీ గారూ, ఇవాళ చూపుల భోజనంలో ఏమిటి?" అని అడిగేవాడే. ఆయన నోరారా చెప్పేవాడు కూడా. తిండిపోతని పేరు పడ్డందుకు ఆయనకి వీసమంత సిగ్గుండేది కాదు.

విచిత్రమేమిటంటే మనిషి తగ్గుతున్నాడు! నెల తిరిగేసరికి నాలుగు కిలోలు. ఆస్పత్రిలో ఇల్లాలు తానే కాటా ఎక్కి చూసి, "ఇది చెడిపోయింది డాక్టరమ్మా" అంది. చెడిపోలేదు. ఇంటికొచ్చి ఆయన ప్యాంట్ల నడుం తానే లోపలికి పట్టి కుట్టుకున్నాడు.

అప్పుడే పక్కింటావిడ ఓ మాట అంది. "షుగరు ముదిరినా మనిషి చిక్కిపోతాడు వదినా, చూసుకో." అంతే, ఇల్లాలికి భయం పట్టుకుంది. షేకూ తాగి డబ్బా కూడా తినే మనిషి తగ్గుతున్నాడంటే జబ్బే మింగుతోందన్నమాట! వేలికి సూది గుచ్చుకుని షుగరు చూసి ఆయన రాసుకొచ్చే అంకెలు కూడా దొంగవేమో! మర్నాడు ఒంటిగంటకి చెప్పాపెట్టకుండా దుకాణానికి వెళ్ళి, కొలతలిచ్చేచోట తెర వెనక నక్కింది.

దర్జీ డబ్బా విప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చాడు.

"అక్కా! చచ్చిపోతున్నాను. ముందు దీన్ని నా ఎదురుగా లేకుండా తీసెయ్!"

కాజాలక్క సూది పక్కన పెట్టింది. "ఛీ, ఆశపోతు వెధవా! మీ నాన్నలా కాలు తీయించుకుంటావా?"

"అందుకేగా నిన్ను బతిమాలుతున్నది! నువ్వు తినేస్తే నా పీడా విరగడౌతుంది."

"రోజూ నా నెత్తినే ఈ గోల" అని సణుగుతూ ఆవిడ డబ్బా తన ముందుకి లాక్కుంది. నోట్లో ఉన్నవి నాలుగు పళ్ళు. మెత్తటి ముక్కలు తీరిగ్గా నములుతూ తినడం మొదలుపెట్టింది. దర్జీ గోడవైపు తిరిగి, ముక్కు మూసుకుని షేకు తాగాడు. మధ్యమధ్య ఓరకంట వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

"అడుగున ఇంకా ఉందక్కా! అదీ కానిచ్చెయ్. లేకపోతే నా చెయ్యి ఊరుకోదు."

తెర వెనక ఇల్లాలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చప్పుడు కాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో నిలదీసింది. "నాతో చెప్పకూడదూ?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే! తనకోసం సర్దావని తెలిస్తే ఆవిడ ముట్టదు. ఇదివరకు నేను తినగా మిగిలిపోయింది, పారేస్తే పాపం అని పెట్టేవాణ్ణి. నేను తినడమే మానేస్తే మిగిలేదేముంది? నువ్వు సీసా ఒక్కటే పంపిన ఆ మూడు రోజులూ ఆవిడ మధ్యాహ్నం మంచినీళ్ళు తాగి కూర్చుంది."

మర్నాటి నుంచి ముక్కలు ఇంకాస్త మెత్తగా ఉడికాయి.

మూడు నెలలయ్యాయి. పదకొండు కిలోలు తగ్గాడు, షుగరు దారికొచ్చింది. డాక్టరమ్మ మురిసిపోయింది. "ఇంజెక్షన్లు అక్కర్లేదు. షేకు మానేసి, మధ్యాహ్నం సగం భోజనం చెయ్యండి."

దర్జీ మొహం మాడిపోయింది. "ఇంకో మూడు నెలలు తాగుతానండీ. బాగా అలవాటైపోయింది."

"తాగలేక ఏడ్చినవాళ్ళని చూశాను గానీ, మానలేక ఏడ్చేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను" అంది డాక్టరమ్మ.

మర్నాడు ఇల్లాలు తానే డబ్బా పట్టుకుని దుకాణానికి వెళ్ళింది. మొగుడి వంక కన్నెత్తి చూడకుండా నేరుగా ముక్కాలిపీట దగ్గరికి నడిచింది.

"వదినా, మీరే నాకు దిక్కు. డాక్టరమ్మ ఈయన్ని సగం డబ్బాయే తినమంది. ఈయన సగంతో ఆగే మనిషేనా?"

"చచ్చినా ఆగడు" అని తేల్చేసింది కాజాలక్క. అంతలోనే కళ్ళు చిట్లించింది. "మరి సగమే సర్దొచ్చుగా అమ్మాయ్?"

మిషను ఆగిపోయింది.

నువ్వుగింజ నానని ఆ నోరు తడుముకోనైనా లేదు. "సర్ది చూశాను వదినా! డబ్బా వెలితిగా కనబడేసరికి తట్టుకోలేక ఎదురు కొట్లో బన్ను కొనుక్కు తిన్నాడు."

మూడు నెలలుగా బన్ను మొహం చూడని దర్జీ తల వంచుకున్నాడు. "రెండు బన్నులక్కా."

"సిగ్గులేదూ!" అంటూ కాజాలక్క డబ్బా లాక్కుని, చెంచాతో అన్నం మధ్యన గీత గీసింది. "ఈ గీత ఇవతలికి నీ చెయ్యి వచ్చిందో, సూది గుచ్చుతాను. ఎలాగూ నీ వేలికి అలవాటేగా!"

ఇద్దరూ తినడం మొదలుపెట్టారు. నాలుగు ముద్దలయ్యాక కాజాలక్క తలెత్తింది.

"రేపు ఉప్పు కాస్త చూసి వెయ్యి అమ్మాయ్."

ఇన్నేళ్ళలో ఆ మనిషి నోరు తెరిచి ఓ కోరిక కోరడం అదే మొదలు. ఇల్లాలు చప్పున ఆవిడ వంక చూసింది.

"నాకోసం కాదులే" అని సర్దుకుంది కాజాలక్క. "వాడు తినే సగమైనా ఇష్టంగా తినొద్దూ?"