తాళం వేసిన గదిలో పచ్చి విస్తళ్లు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఖమ్మంలో ఒక బడి ఆఫీసులో పనిచేస్తాను, కాగితం మీద ఉంటే తప్ప దేన్నీ నమ్మను. ఇది మాత్రం నా కళ్లతో నేను చూసింది.

మాది టేకులపల్లి దగ్గర అడవి అంచు ఊరు. నాన్న పోయాక అమ్మ మిరపతోటల్లో కూలికి వెళ్లి, ఇంటికొచ్చి మోదుగాకుల విస్తళ్లు కుట్టి నన్నూ తమ్ముణ్ణీ పెంచింది. జ్వరమొచ్చినా కుట్టేది. ఆమెది ఎడమచేతి వాటం. అందుకే ఆమె విస్తరిలో ఆకులు అందరివాటికీ ఎదురువైపు తిరుగుతాయి. ఏ పంక్తిలో కూర్చున్నా, ఇది మా అమ్మ కుట్టిందని చెప్పేసేదాన్ని.

పోయినేడు ఎండాకాలంలో అమ్మ పోయింది. ఆరు నెలలు మంచంలో ఉంటే స్నానం చేయించింది, తినిపించింది తమ్ముడి భార్యే. అయినా నా పాడు బుద్ధి ఊరుకోలేదు. పెట్టెలో అమ్మ బంగారు గుండ్లున్నాయి కదా అని, దహనమైన రోజే ఆమె గదికి తాళం వేసి చెవి నా మెళ్లో గొలుసుకు తగిలించుకున్నాను.

పదో రోజు పొద్దున, అమ్మ చీర కావాలంటే గది తీశాను. పెట్టె పెట్టినట్టే ఉంది. మంచం మీద విస్తళ్ల కట్ట ఉంది, పచ్చిగా. మోదుగాకు రెండు రోజులు ఆగదు, వాడిపోతుంది. ఆ గదికి కిటికీ కూడా లేదు.

చుట్టాలందరి ముందూ మరదలిని పట్టుకున్నాను. "మారుతాళం చేయించినవ్ గదా? పెట్టె కోసమే జొరబడ్డవ్!"

"ఒట్టు వదినె, నేను ఆ గడప తొక్కలే," అని ఏడ్చింది. తమ్ముడు నా మొహం చూడకుండా బయటికి వెళ్లిపోయాడు.

ఇంతలో నా కూతురు కట్ట విప్పింది. "అమ్మా, గివి అమ్మమ్మ కుట్టినయే. ఆకులు ఎట్ల తిరిగినయో చూడు."

నిజమే. మరదలికి విస్తరి కుట్టడమే రాదు.

అడుగున రెండు చిన్నవి ఉన్నాయి. పిల్లలకు మూడాకులతో చిన్న విస్తరి విడిగా కుట్టడం అమ్మకు అలవాటు. మా ఇంట్లో పిల్లంటే నా కూతురొక్కతే. రెండోది ఎవరికని అడిగాను.

మరదలు ఆ చిన్న విస్తరిని చేతిలోకి తీసుకుంది. "నెల తప్పింది వదినె. అత్తమ్మ పోయినంకనే తెలిసింది. ఆయనకు గూడ చెప్పలే."

తర్వాత గోడలు తట్టి చూశాను, పైకప్పు రేకులు చూశాను, తాళం విప్పించి చూశాను. ఎవరో నాతో ఆట ఆడారని ఇప్పటికీ అనుమానమే. ఊళ్లో ఎడమచేతివాళ్లు ఎవరున్నారని కూడా ఆరా తీశాను. ఏమీ తేలలేదు. ఆ ఆకులు లోపలికి ఎలా వచ్చాయో నాకు తెలియదు.

మరదలికి పుట్టిన పాపకు ఇప్పుడు మూడో నెల. అది కడుపులో పడ్డ సంగతి ఇంకా ఎవరికీ చెప్పకముందే అమ్మ దానికి విస్తరి వేసింది. నేను దాని తల్లిని దొంగను చేశాను. మరదలు ఇంతవరకూ ఆ పాపను నా చేతికివ్వలేదు.